నాన్న దుబాయ్‌లో లేడు: ఇంటి మనిషి జైలుకు పోతే ఎదిగే పిల్లల్లో ఏం మారుతుంది

హైదరాబాద్ బస్తీల్లో ఇంటి మగమనిషి అరెస్టయితే పిల్లలకు తరచూ చెప్పే మాట ఒకటుంది: 'డాడీ దుబాయ్ పోయిండు.' ఊరూరా గల్ఫ్‌కు పోయినవాళ్లున్న రాష్ట్రంలో అది నమ్మదగిన అబద్ధమే. ఐదేళ్ల పిల్లకు కొన్నాళ్లు సరిపోతుంది కూడా. పద్నాలుగేళ్ల పిల్లాడికి సరిపోదు. పాస్‌పోర్టు బీరువాలోనే ఉందని వాడికి తెలుసు. తెల్లవారుజామున తలుపు కొట్టిన చప్పుడు విన్నాడు. తాను మెట్లు దిగుతుంటే పక్కింటివాళ్లు గొంతు తగ్గించడం చూశాడు. యూట్యూబ్‌లో ఏదో క్రైమ్ వార్తలో, ముఖాలకు గుడ్డ కప్పి నిలబెట్టిన నలుగురిలో నాన్న ఎవరో చెప్పులు చూసి గుర్తుపట్టినా ఆశ్చర్యం లేదు. కానీ తనకు తెలుసని ఇంట్లో చెప్పడు. అమ్మ అబద్ధమాడుతుంది, కొడుకు నమ్మినట్టు నటిస్తాడు. రెండు నెలలకు బడి నుంచి ఫోను వస్తుంది: మీవాడు మారిపోయాడు, ఎవరి మాటా వినడం లేదు.

ఆ మార్పును 'జైలు వల్ల' అని ఒక్క మాటలో తేల్చేస్తే చేయగలిగింది ఏమీ కనబడదు. జైలు ఇంట్లోంచి ఒక మనిషిని తీసుకుపోతుంది, అంతే. పిల్లల నడవడిని తిప్పేవి ఆ తర్వాత ఇంట్లో జరిగేవి. ఎప్పుడొస్తాడో తెలియని ఎదురుచూపు, నలుగురికీ తెలిసినా నోరు విప్పకూడని రహస్యం, ఖాళీ అయిన పెద్దరికాన్ని పిల్లలే నింపాల్సి రావడం. వీటిలో ప్రతిదానిలోనూ ఇంట్లోవాళ్ల చేతిలో ఉన్న భాగం కొంత ఉంది.

పరిశోధనలు చెప్పేది, చెప్పనిది

1998లో అమెరికాలో వెలువడిన ఒక ప్రసిద్ధ అధ్యయనం బాల్యంలోని చేదు అనుభవాలను లెక్కపెట్టింది. కొట్టడం, తిట్టడం, ఇంట్లో తాగుడు లాంటి వాటి సరసన 'ఇంట్లో ఎవరైనా జైలుకు వెళ్లారా' అనే ప్రశ్న కూడా అందులో ఉంది. ఇలాంటి అనుభవాలు ఎన్ని పోగుపడితే పెద్దయ్యాక ఆరోగ్యం, అలవాట్లు అంత దెబ్బతిన్నాయని తేలింది. ఇక్కడ గమనించాల్సింది 'పోగుపడటం'. జైలు ఒక్కటే రాదు. అప్పు, ఇల్లు మారడం, బడి మారడం దాని వెంటే వస్తాయి.

జైలు ప్రభావాన్ని విడిగా పట్టుకోవాలని చూసిన పని లండన్‌లో జరిగింది. దక్షిణ లండన్ కార్మికవాడల్లోని 411 మంది మగపిల్లలను చిన్నప్పటి నుంచి పెద్దయ్యేదాకా గమనించారు. పదేళ్లు నిండకముందే తల్లో తండ్రో జైలుకు పోయిన పిల్లలు, చావు వల్లో రోగం వల్లో తల్లిదండ్రులకు దూరమైన పిల్లలకన్నా ఎక్కువగా దారి తప్పారు. అంటే దూరం కావడం ఒక్కటే కాదు, ఎందుకు దూరమయ్యారన్నదీ లెక్కలోకి వస్తుంది. అదే తరహా పరిశీలన స్వీడన్‌లో చేస్తే ఫలితం వేరుగా వచ్చింది. తండ్రి నేరచరిత్రను లెక్కలోంచి తీసేస్తే జైలు ప్రభావం దాదాపు మాయమైంది. అక్కడ శిక్షలు పొట్టివి, జైలుకూ ఇంటికీ రాకపోకలు సులువు, ఇంటి ఖర్చుకు ప్రభుత్వ ఆసరా ఉంది, లోకం వేలెత్తి చూపడమూ తక్కువ. తేడాకు ఇవే కారణాలు కావచ్చని పరిశోధకులు భావించారు. మనకు పనికొచ్చే సంగతి ఇదే: ఒకే జైలు, చుట్టూ ఉన్న పరిస్థితిని బట్టి పిల్లల మీద వేరువేరుగా పడుతుంది.

2012లో 40 అధ్యయనాలను కలిపి చూశారు. తల్లో తండ్రో జైలులో ఉన్న పిల్లలు అందులో 7,374 మంది. ఎదురుతిరగడం, కొట్లాట, అబద్ధాలు, దొంగతనం లాంటి ప్రవర్తన వీరిలో కొంత పెరిగినట్టు కనబడింది. మానసిక సమస్యలు, మత్తు, చదువు విషయంలో సగటున అంత స్పష్టమైన సంబంధం కనబడలేదు. 'కొంత' అన్న మాటను దాటేయకూడదు. తండ్రి జైలుకు పోయినంత మాత్రాన కొడుకు కూడా పోతాడనే లెక్క ఎక్కడా లేదు. 'ఆ ఇంటి రక్తమే అంత' అనే చుట్టాల తీర్పును పరిశోధన బలపరచదు.

ఇవన్నీ పరాయి దేశాల లెక్కలు. అక్కడ జైలంటే చాలావరకు శిక్ష పడిన మనిషి, తేదీ తెలిసిన శిక్ష. మన దగ్గర కథ వేరు.

తేదీ లేని ఎదురుచూపు

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. నలుగురిలో ముగ్గురికి నేరం ఇంకా రుజువు కాలేదు. హైదరాబాద్ చంచల్‌గూడ జైలు గేటు దగ్గర ములాఖత్ కోసం, అంటే లోపలి మనిషిని కలవడానికి, నిలబడే కుటుంబాల్లో చాలామందికి 'ఎప్పుడొస్తాడు' అన్న ప్రశ్నకు జవాబు లేదు. వచ్చే వాయిదా ఎప్పుడో మాత్రమే తెలుసు.

చావుకు ఒక క్రమం ఉంది. పదకొండో రోజు, లేదా ముస్లిం ఇళ్లలో నలభయ్యో రోజు. చుట్టాలొస్తారు, అన్నం వండి తెస్తారు, ఏడవడానికి చోటుంటుంది. జైలుకు పోయినవాడికి ఏ దినమూ లేదు. మనిషి ఉన్నాడు, ఇంట్లో లేడు. పోలిన్ బాస్ అనే మనస్తత్వ పరిశోధకురాలు ఇలాంటి నష్టాన్ని అంతు తేలని నష్టంగా చూపింది. తలుపు మూసుకోదు, తెరుచుకోదు. పద్నాలుగు, పదిహేనేళ్ల వయసులో ఇది మరీ కష్టం. పెద్దవాళ్లంత ఊహ అప్పటికే ఉంటుంది, పెద్దవాళ్లంత నిబ్బరం ఉండదు. వాయిదా ముందురోజు రాత్రి నిద్ర పట్టదు, కేసు మళ్లీ వాయిదా పడితే మర్నాడు బడిలో కొట్లాట. ఆ రెండింటినీ కలిపి చూసేవాళ్లు ఉండరు. టీచర్‌కు వాయిదా సంగతి తెలియదు, అమ్మకు కొట్లాట సంగతి తెలియదు.

అందుకే ఇంట్లో చేయాల్సిన మొదటి పని, తేదీలు తెలుసుకోవడం. కొన్ని తేదీలను చట్టమే ఇస్తుంది, లాయరు చెప్పినా చెప్పకపోయినా. అభియోగపత్రం మామూలుగా అరవై రోజుల్లో, మరణశిక్ష, యావజ్జీవం లేదా పదేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాలైతే తొంభై రోజుల్లో వేయాలి. వేయకపోతే బెయిల్ అడిగే హక్కు పుడుతుంది. 20 కిలోలకు మించి గంజాయి దొరికిన కేసుల్లాంటి వాటిలో ఈ గడువు 180 రోజులు, బెయిల్ షరతులూ చాలా కఠినం. కాబట్టి గంజాయి కేసులో 'వచ్చే వారం వచ్చేస్తాడు' అని పిల్లలకు చెప్పడం చాలా సందర్భాల్లో మోసమే అవుతుంది.

2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 479వ సెక్షన్ ఒకటుంది. ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడని మనిషి, ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడో వంతు విచారణ ఖైదీగానే గడిపితే, బాండు మీద విడుదల చేయాలి. ఇంతకుముందు శిక్షలు పడినవారికి సగం. మూడేళ్ల శిక్ష పడే దొంగతనం కేసులో, ముందు శిక్ష పడనివాడికి అది ఏడాది. మరణశిక్షకు, యావజ్జీవానికి వీలున్న నేరాలకు ఇది వర్తించదు, ఒకటికి మించి కేసులు నడుస్తున్నా వర్తించదు. గడువు నిండగానే కోర్టుకు దరఖాస్తు రాయాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంట్‌దే. పాత కేసులకూ ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో స్పష్టం చేసింది. తల్లి లేదా మేనమామ ఒక కాగితం మీద మూడు రాసుకుంటే చాలు: అరెస్టు తేదీ, సెక్షన్లు, ఆ సెక్షన్ల గరిష్ఠ శిక్ష. వాటి నుంచి మిగతా తేదీలు లెక్కకొస్తాయి. వంటింట్లో క్యాలెండర్ మీద ఆ తేదీలకు సున్నా చుట్టి, పదో తరగతి పరీక్షల తేదీలకూ చుట్టాలి. లోకంలో ఒక్క జైలే లేదని పిల్లాడికి కళ్లతో కనబడటం చిన్న సంగతి కాదు.

అన్నిటికన్నా పిల్లల్ని ఎక్కువగా కుంగదీసే ఘట్టం ఇంకొకటుంది: బెయిల్ వస్తుంది, మనిషి రాడు. షూరిటీలు దొరకవు. ఇద్దరు జామీనుదారులు, జీతం సర్టిఫికెట్ లేదా ఆస్తి కాగితాలు కావాలంటారు. బస్తీలో అద్దెకుండే కుటుంబానికి అవెక్కడివి? 'బెయిలొచ్చింది' అని సంబరపడ్డ పిల్లాడు నెలన్నర అదే మాట మీద వేలాడతాడు. అలాంటప్పుడు కొంత మార్గముంది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిన దాని ప్రకారం, బెయిలొచ్చి ఏడు రోజులైనా విడుదల కాకపోతే జైలు అధికారి ఆ సంగతి జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలి. నెలలోపు పూచీకత్తు ఇవ్వలేకపోతే షరతులు సడలించే విషయాన్ని కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చు. పేద ఖైదీల కోసం 2023లో కేంద్రం తెచ్చిన పథకంలో విచారణ ఖైదీ పూచీకత్తుకు 40,000 రూపాయల వరకు సాయానికి వీలు కల్పించారు. మత్తుమందుల కేసులు, పోక్సో లాంటివి అందులో రావు. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం హక్కు, ఫోన్ నంబర్ 15100. ఇదంతా పిల్లల ప్రవర్తన వ్యాసంలో ఎందుకంటే, పదిహేనేళ్ల వాడి కోపానికి మందు కొన్నిసార్లు కౌన్సెలర్ దగ్గర కాదు, షూరిటీ కాగితం దగ్గరుంటుంది.

కోపం, మంచితనం, సంపాదన

మగపిల్లల కోపం అందరికీ కనబడుతుంది. టీచర్‌కు ఎదురు చెప్పడం, తమ్ముణ్ణి కొట్టడం, ట్యూషన్ ఎగ్గొట్టి గల్లీ చివర కూర్చోవడం. ఆ కోపం ఎవరి మీదన్నది సులువుగా తేలదు. తండ్రి మీద కోపం, కానీ తండ్రిని తిట్టడానికి లేదు, ఆయన కష్టంలో ఉన్నాడు. పోలీసు మీద కోపం, అది చూపే వీల్లేదు. ఎదురుగా ఉండేది అమ్మ. అందుకే అమ్మ మీద పడుతుంది. పైగా పట్టపగలు బస్తీ అంతా చూస్తుండగా తండ్రిని తీసుకెళ్లి ఉంటే, ఆ అవమానాన్ని కడుక్కోవాలన్నట్టు ఒకటి రెండు గొడవలు కావాలనే పెట్టుకుంటాడు. 'మీ నాయిన జైల్ల ఉన్నడంట గదా' అన్న మాట ఎవడు ముందంటాడా అని కాచుకుని ఉంటాడు. ఆ మాటకు ఏం జవాబివ్వాలో ఇంట్లో ముందే అనుకుని ఉంటే చెయ్యి లేవడం తగ్గుతుంది. 'అవును, కేసు నడుస్తుంది. దాని గురించి మాట్లాడను.' ఇంతే. ఈ వాక్యాన్ని పిల్లాడితో నాలుగైదుసార్లు బిగ్గరగా అనిపించాలి. వింతగా అనిపించినా, అసలు సమయంలో నోటికి వచ్చేది అలవాటైన మాటే.

కనబడనిది ఆడపిల్లల విషయం, కొందరు మగపిల్లలదీ. హఠాత్తుగా మరీ మంచి పిల్లగా మారడం. అడక్కుండానే వంట, తమ్ముడి హోంవర్కు, అమ్మ కాళ్లు పట్టడం. చుట్టాలు మెచ్చుకుంటారు. మెచ్చుకోవడమే ప్రమాదం. ఆ పిల్ల తన భయాన్ని పనిలో దాచుకుంటోంది. అన్నం తగ్గిపోతే, రెండు నెలలుగా స్నేహితురాలి ఇంటికి వెళ్లకపోతే, నిద్రలో ఉలిక్కిపడితే 'మా అమ్మాయి బంగారం' అని సంతోషించడం సరికాదు. ఇలాంటి ఇళ్లలో మరో పీడా ఉంది. పరువు పోయింది, ఇక సంబంధాలు రావు, ఉన్నప్పుడే చేసేద్దాం అన్న తొందర. పద్దెనిమిది నిండని పిల్లకు పెళ్లి చేయడం నేరం, ఆపమని అడగడానికి పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. ఆ నంబరు ఆ పిల్లకే తెలిసి ఉండాలి.

తల్లి జైలుకు పోయిన ఇళ్లు తక్కువ, దెబ్బ మాత్రం పెద్దది. తండ్రి పోతే డబ్బు పోతుంది, తల్లి పోతే ఇల్లే చెదిరిపోతుంది. పిల్లల్ని అమ్మమ్మ దగ్గరొకరు, పెద్దమ్మ దగ్గరొకరు పంచుకుంటారు. ఆర్.డి. ఉపాధ్యాయ కేసులో సుప్రీంకోర్టు 2006లో ఇచ్చిన తీర్పు ఆంధ్రప్రదేశ్ మీద వేసిన కేసులోనే. దాని ప్రకారం ఆరేళ్ల వరకు పిల్లలు తల్లితో జైలులో ఉండొచ్చు. చంచల్‌గూడ మహిళా జైలులో నాలుగేళ్ల చెల్లి తల్లితో లోపల ఉంటే, పదమూడేళ్ల అక్క బయట ఉంటుంది. చెల్లికి అమ్మ ఉంది, తనకు లేదు. ఈ అసూయ పైకి చెప్పుకోలేనిది, తిట్టి పోగొట్టలేనిది.

అన్న జైలుకు పోతే కథ మరోలా ఉంటుంది. తమ్ముడికి అన్న పేరే వారసత్వం. అన్న మీద రౌడీషీట్ ఉంటే పోలీసులు రాత్రి తనిఖీకి ఇంటికొస్తారు. పోలీసులు బస్తీని చుట్టుముట్టి కార్డన్ సర్చ్ చేస్తే తమ్ముడి బండి కాగితాలే ముందడుగుతారు. బస్తీలో కొందరికి అదే గొప్ప: ఫలానా అన్న తమ్ముడు. పదహారేళ్ల వాడికి దొరికిన ఆ హోదాను ఉత్త ఉపదేశంతో వదిలించలేం. మరోచోట హోదా దొరకాలి, కబడ్డీ జట్టులోనో మెకానిక్ దగ్గరనో. పోలీసులు తమ్ముణ్ణి తీసుకెళితే కుటుంబానికి ఒక సంగతి తెలిసి ఉండాలి. పద్దెనిమిది లోపు పిల్లల్ని లాకప్‌లో పెట్టకూడదు, బాల సంక్షేమ పోలీసు అధికారికి అప్పగించాలి, ప్రయాణ సమయం మినహాయించి ఇరవైనాలుగు గంటల్లో జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుంచాలి. అందుకే బడి బోనఫైడ్, పుట్టిన తేదీ సర్టిఫికెట్ నకళ్లు చేతికందే చోట ఉండాలి. వయసు నిరూపించలేక పిల్లాడు పెద్దల లెక్కలో పడే ప్రమాదం కాగితం లేకపోవడంతోనే మొదలవుతుంది.

సంపాదన మొదలుపెట్టే పిల్లలు ఇంకో రకం. తండ్రి ఆటో ఫైనాన్స్‌లో ఉంది, కిస్తీ ఆగితే బండి పట్టుకుపోతారు. పిల్లాడు ఫంక్షన్‌హాళ్లలో కేటరింగ్‌కు పోతాడు, రాత్రి రెండింటికి వస్తాడు, పొద్దున బడికి లేవడు. ఇది చెడు నడవడి కాదు, ఇంటి భారం. పద్నాలుగు లోపు పని చట్టవిరుద్ధం. పద్నాలుగు నుంచి పద్దెనిమిది మధ్య ప్రమాదకర పనులు నిషేధం, మిగతావి పగటిపూట చేయొచ్చు. పూర్తిగా ఆపమనడం చాలా ఇళ్లలో కుదరదు. వారానికి ఇన్ని రోజులే, అదీ పగటిపూటేనని, పరీక్షల నెలలో అసలు లేదని గీత గీయడం కుదురుతుంది. వాడు తెచ్చిన డబ్బును 'నువ్వే మా ఇంటి మగదిక్కువి' అంటూ తీసుకోకూడదు. ఆ ఒక్క మాటతో వాడి బాల్యం అయిపోతుంది, తండ్రి వచ్చాక దానికి పెద్ద వెల కట్టాల్సి వస్తుంది.

నిజం చెప్పే పద్ధతి

పన్నెండేళ్లు దాటిన పిల్లలకు అరెస్టయిన మొదటి రెండు మూడు రోజుల్లోనే చెప్పాలి. వాట్సాప్‌కన్నా ముందు. చెప్పేది పిల్లలతో రోజూ ఉండే మనిషి, ఒంటరిగా, టీవీ ఆపి. ఎక్కడున్నాడు, ఏ ఆరోపణ మీద, ఇప్పటికి తెలిసిన తేదీ ఏది, మన ఇంట్లో రేపటి నుంచి ఏది మారదు. చివరిదే ముఖ్యం: ఇదే ఇల్లు, ఇదే బడి, రాత్రి ఎవరు పక్కనుంటారు. 'నాన్న తప్పు చేయలేదు' అని ప్రమాణం చేయొద్దు, రేపు శిక్ష పడితే ఆ మాటా పోతుంది. 'నాన్న దొంగ' అనీ అనొద్దు. 'పోలీసులు ఇలా అంటున్నారు, కోర్టు తేలుస్తుంది' అన్నది నిజం, దాని మీద పిల్లలు నిలబడగలరు. పిల్లలు ఏడవకుండా, అడగకుండా, 'సరే' అని ఫోను తీస్తే అర్థం కాలేదని కాదు. వారం తర్వాత మళ్లీ అదే సంగతి మాట్లాడాలి.

బయట ఎవరికి చెప్పాలన్నది పిల్లలతో కలిసి నిర్ణయించాలి. బడిలో ఒక్కరికి చెబితే చాలు, క్లాస్ టీచర్‌కో హెడ్‌మాస్టర్‌కో. ఏం జరిగిందో పూర్తిగా చెప్పనక్కర్లేదు. 'ఇంట్లో కోర్టు వ్యవహారం ఉంది, ఫలానా తేదీల్లో ఇబ్బంది పడవచ్చు, గొడవైతే ముందు నాకు ఫోను చేయండి' అంటే సరిపోతుంది.

పెద్ద పిల్లలు లోలోపల మోసే ఒక భయం తీర్చడం చాలా సులువు, ఎవరూ తీర్చరు. 'నాన్న కేసు వల్ల నాకు పాస్‌పోర్టు రాదు, ఉద్యోగం రాదు.' పాస్‌పోర్టు నిరాకరణకు చట్టం చూసేది దరఖాస్తుదారు మీదున్న కేసును, తండ్రి మీదున్న కేసును కాదు. ఇది నోటితో చెప్పాలి. ఎంత చదివినా లాభం లేదనుకున్న పిల్లాడు చదవడు.

ములాఖత్

తీసుకెళ్లాలా వద్దా అన్నది ఇళ్లలో పెద్ద తగువు. ఎదిగిన పిల్లలకు వెళ్లే హక్కు, వెళ్లకుండా ఉండే హక్కు రెండూ ఇవ్వాలి. బలవంతంగా తీసుకెళితే అక్కడ మాట్లాడరు, తీసుకెళ్లకపోతే లోపల ఏం జరుగుతుందో సినిమా దృశ్యాలతో ఊహించుకుంటారు. చాలాసార్లు ఊహ నిజం కన్నా భయంకరం.

మొదటిసారి చెడేది ఎక్కువగా సన్నాహం లేక. జాతీయ జైళ్ల పోర్టల్‌లో ఈ-ములాఖత్ ముందుగా బుక్ చేసుకోవచ్చు, జైలుకు వెళ్లి కలవడానికీ, వీడియోలో మాట్లాడటానికీ. ఖైదీ పేరు, తండ్రి పేరు, జైలు పేరు తప్పుల్లేకుండా రాయాలి. వచ్చేవాళ్ల ఆధార్ ఉండాలి. వారానికి ఎన్నిసార్లు, పిల్లలకు ఏ నిబంధన, ఏ వస్తువులు తేవచ్చు అన్నది గేటు దగ్గరే ముందురోజు అడిగి తెలుసుకోవాలి, చుట్టాల మాట నమ్మొద్దు. గంటల తరబడి కూర్చుని, దొరికేది కొద్ది నిమిషాలు, మధ్యలో జాలీ లేదా అద్దం, చుట్టూ మరో పదిమంది అరుస్తూ మాట్లాడుతుంటారు. ఇది పిల్లలకు ముందే చెప్పాలి. తాకలేరని కూడా చెప్పాలి. మాట్లాడే విషయాలు రెండు ముందే అనుకుని వెళ్తే మంచిది. లాయరు ఫీజు, అప్పు తగవులు పిల్లల ముందు తెస్తే ఆ నిమిషాలన్నీ వాటికే పోతాయి. లోపలి మనిషికీ ఒక సంగతి చెప్పి పంపాలి: 'బాగా చదువు, అమ్మను చూసుకో' అన్న ఉపదేశం కాకుండా, 'సైన్స్ పరీక్ష ఎట్ల రాసినవ్' అని అడగమని.

తిరిగొచ్చాక ఆ సాయంత్రం, మర్నాడు గడబిడగా ఉంటుంది. అది ములాఖత్ చెడు చేసిందనడానికి గుర్తు కాదు. పరీక్షకు ముందురోజు మాత్రం పెట్టుకోవద్దు. శిక్ష పడ్డాక చర్లపల్లి జైలుకు మారిస్తే దూరం పెరుగుతుంది. పాతబస్తీ నుంచి పోయిరావడానికే పూట గడుస్తుంది, అప్పుడు వీడియో ములాఖత్‌తో కలిపి నడుపుకోవాలి.

అన్ని ఇళ్లకూ ఇది వర్తించదు. జైలుకు పోయిన మనిషి ఇంట్లోనే కొట్టినవాడో, పిల్ల మీద అఘాయిత్యం చేసినవాడో అయితే ములాఖత్ ప్రసక్తే రాదు. పిల్ల సాక్షి కూడా కావచ్చు, కలవడం కేసునే దెబ్బతీస్తుంది. అలాంటి పిల్లల్లో దుఃఖం కన్నా ఊరట ముందొస్తుంది. ఆ ఊరట తప్పని ఎవరూ అనకుండా చూడాలి, ముఖ్యంగా నాయనమ్మ వైపువాళ్లు.

ఎప్పుడు ఇంట్లో సరిపోదు

రెండు వారాలకు మించి నిద్ర, తిండి గాడి తప్పితే, చేతుల మీద కోతలు కనబడితే, 'నేను లేకపోతే మీకు ఖర్చు తగ్గుద్ది' లాంటి మాట నవ్వుతూ అన్నా సరే, ఆగకూడదు. మానసిక సాయం కోసం ఉన్న ఫోన్ సేవ టెలీ-మానస్ 14416లో రాత్రయినా తెలుగులో మాట్లాడతారు. ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఓపీ ఉంది. 'ఎర్రగడ్డ' అనగానే ఇంట్లో నవ్వో భయమో వస్తుంది, ఈ నగరంలో ఆ పేరుకు అంటుకున్న ముద్ర అది. పిల్లాణ్ణి కాపాడుకోవడానికి ఆ ముద్రను ఒక పూట పక్కన పెట్టడం పెద్ద ఖరీదేమీ కాదు.

డబ్బు సంగతికొస్తే, మిషన్ వాత్సల్య అనే బాలల పథకం కింద పిల్లకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. నగరాల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 96,000 రూపాయలు దాటకూడదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో అడగాలి. ఆదాయ ధ్రువపత్రం, బడి బోనఫైడ్, ఆధార్, బ్యాంకు పుస్తకంతోపాటు సంపాదించే మనిషి జైలులో ఉన్నట్టు చూపే కోర్టు కాగితం పట్టుకెళితే తిరుగుళ్లు తగ్గుతాయి. అందరికీ మంజూరవుతుందని కాదు, కమిటీ చూసి నిర్ణయిస్తుంది. బడి మానేస్తే ఆగిపోతుంది కాబట్టి, హాజరు నిలబెట్టడానికి ఇదొక సాకు కూడా.

తిరిగొచ్చాక

విడుదల రోజు బిర్యానీతో గడిచిపోతుంది. చిక్కు మూడో వారంలో వస్తుంది. తండ్రి వచ్చి తన కుర్చీలో కూర్చుంటాడు. పద్నాలుగు నెలలుగా కరెంటు బిల్లు కట్టింది, చెల్లిని బడికి దింపింది, అప్పులవాడితో గుమ్మంలో నిలబడి మాట్లాడింది కొడుకు. 'ఫోను ఇటియ్యి, రాత్రి పదింటికి ఏడ తిరుగుతున్నవ్' అని తండ్రి గద్దిస్తే, 'ఇన్నాళ్లు ఏడున్నవ్' అన్న జవాబు వస్తుంది. చెయ్యి లేస్తుంది. పిల్లాడు చెడిపోయాడని తండ్రి, తండ్రి మారలేదని పిల్లాడు.

దీన్ని తప్పించడానికి తల్లి విడుదలకు ముందే, చివరి ములాఖత్‌లలో, ఒక సంగతి ఖాయం చేసుకోవాలి: మొదటి రెండు నెలలు పిల్లల విషయంలో చివరి మాట ఇప్పటిదాకా చూసుకున్నవాళ్లదే. తండ్రి అడగొచ్చు, నిషేధించకూడదు. పిల్లాడి చేతిలో ఉన్న పనులను ఒక్క రోజులో లాక్కోకూడదు. కరెంటు బిల్లు వాడి దగ్గరే ఉండనిచ్చి, అప్పులవాడితో మాట్లాడటాన్ని మాత్రం తండ్రి వెంటనే తీసుకోవాలి. అది ఎన్నడూ పిల్లాడి పని కాదు. బెయిల్ మీద వచ్చినవాడైతే స్టేషన్‌లో సంతకం షరతు ఉండొచ్చు. ఆ రోజు ఏదో పిల్లలకు తెలియాలి, లేకపోతే తండ్రి పొద్దున్నే స్టేషన్ వైపు పోవడం చూసి మళ్లీ తీసుకెళ్లారనుకుంటారు. వాయిదాలు రాసిన అదే క్యాలెండర్ మీద, ఆ వారాలకూ సున్నా చుట్టి ఉంచితే సరి.